రాత్రి తొమ్మిదికి గుర్రం దగ్గర ఎవరుంటారు?

ప్రశ్న: మా అమ్మాయి ఎనిమిదో తరగతి. ఏడాదిగా రైడింగ్ నేర్చుకుంటోంది, సొంత గుర్రం కొనిపెట్టమంటోంది. శంకర్‌పల్లి దగ్గర మాకు ఎకరంన్నర ఉంది. అక్కడే షెడ్డు వేయాలా, రైడింగ్ స్కూల్లోనే నెలకింత అని కట్టి ఉంచాలా? షెడ్డయితే రేకులా, స్లాబా? మాకు గుర్రాల గురించి ఏమీ తెలియదు.

జవాబు:

రేకులా స్లాబా అన్నది తర్వాత చూసుకోవచ్చు. రాత్రి తొమ్మిదింటికి ఆ గుర్రం పక్కన ఎవరుంటారో ముందు తేల్చుకోండి. ఆ మనిషి దొరికితే గుర్రం రేకుల కింద కూడా బతికేస్తుంది. దొరక్కపోతే గ్రానైటు లాయంలోనూ చస్తుంది. కటువుగా అంటున్నాననుకోకండి. మా వైపు ఫామ్‌హౌసుల్లో రోజూ చూస్తున్నదే చెప్తున్నా. స్విమ్మింగ్ పూల్, దాని పక్కన లాన్, లాన్ చివర ఒక తెల్ల గుర్రం. ఆదివారం యజమాని వచ్చి ఫొటోలు దిగుతాడు, మిగతా ఆరు రోజులు దాని బాగోగులు వాచ్‌మన్ నెత్తిన.

నేను చేవెళ్ళ వైపు మామిడితోటలో ఉంటాను. నా దగ్గర రెండున్నాయి. ఒకటి మలక్‌పేట రేసుకోర్సులో పరుగు మానేసిన థరోబ్రెడ్ అనే పందెపు జాతి గుర్రం, రెండోది చెవుల కొసలు లోపలికి తిరిగిన కాఠియావాడీ జాతి ఆడగుర్రం. ఇంటికి ఏ బంధువు వచ్చినా అవే రెండు ప్రశ్నలు, ఎంత స్పీడు పోతుంది, ఎంత పెట్టి కొన్నావు. రోజుకు నీళ్ళెన్ని తాగుతుందని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. మామూలు రోజుల్లోనే 30, 40 లీటర్లు తాగుతుందండీ. ఎండాకాలం, పైగా పని చేయిస్తే, ఇంకా ఎక్కువ.

ఈ నీళ్ళ సంగతి ఎందుకంటే, మా పక్క తోటాయన ఒక నుక్రా, అంటే తెల్ల మగగుర్రాన్ని కొన్నాడు. సిటీలో వ్యాపారం, మనిషి మంచివాడే. దానికి కట్టిన లాయం చూడాలి! కింద గ్రానైటు, పైన ఫ్యాను, తలుపు మీద ఇత్తడి పలక, గుర్రం మూతి పెట్టి నొక్కితే దానంతటదే నీళ్ళొచ్చే గిన్నె. మూలకొకటి చొప్పున రెండు కెమెరాలు. సంక్రాంతికి సైసు, అంటే గుర్రాన్ని చూసుకునే పనివాడు, సెలవు పెట్టి ఊరెళ్ళాడు. కనుమ నాటి రాత్రి అన్నం తింటుంటే వాచ్‌మన్ భార్య ఫోన్ చేసింది.

"అన్నా, గుర్రం ఒక్కతీర్గ పండుకుంటది, లేస్తది, మళ్ళ పండుకుంటది. సారుకు ఫోన్ చేస్తే కెమెరాల చూసి, అది నిద్రవోతున్నది, లైటు బందు చెయ్యిండ్రి అన్నడు."

బండేసుకుని వెళ్ళాను. కింద పరిచిన ఊకంతా గోడల దాకా చెదిరిపోయి గచ్చు కనపడుతోంది. జనవరి చలిలో గుర్రం మెడ మీద చెమట. తల తిప్పి తిప్పి తన డొక్క వైపే చూసుకుంటోంది, ముందు కాలితో నేల గీరుతోంది, ఉన్నట్టుండి కూలబడి పొర్లుతోంది. పై పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ళు ఎండిపోయి ఉన్నాయి. బొటనవేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలో మళ్ళీ ఎర్రబడాలి. తెల్లగానే నిలిచిపోయింది. డొక్కకు చెవి ఆనించాను. బాగున్న గుర్రం పొట్ట పొయ్యి మీది పప్పుకుండలా ఎప్పుడూ ఉడుకుతున్న చప్పుడే చేస్తుంది. దీనికి అటూ ఇటూ కూడా నిశ్శబ్దం. దవడ ఎముక కింద నాడి పట్టుకుంటే నిమిషానికి 60 దాటింది. నిలకడగా ఉన్న గుర్రానికి అది 28 నుంచి 44 మధ్య ఉండాలి.

మూలన లద్దె నాలుగు ఉండలు. చిన్నవి, గట్టివి, పైన జిగురు పొర. నీళ్ళ గిన్నెలో చెయ్యి పెడితే అడుగున చీమలు. పండగ ముందే బోరు మోటారు కాలిపోయిందట, ట్యాంకు ఖాళీ. వాచ్‌మన్ పాపం బకెట్లతో మోస్తూనే ఉన్నాడు, ఆ బకెట్లు లాన్‌కీ పోవాలి, మొక్కలకీ పోవాలి, గుర్రానికీ రావాలి. పచ్చగడ్డి కోసేవాళ్ళూ పండగకు పోవడంతో ఎండు వరిగడ్డి మోపులు ముందు పడేశారు. నీళ్ళు తక్కువై, ఎండుగడ్డి ఎక్కువై, పేగులో అడ్డం పడింది. కెమెరాలు రెండూ చక్కగా పనిచేస్తున్నాయి.

నేను వెళ్ళేసరికి వాచ్‌మన్ బామ్మర్ది సీసాలో వంటనూనె, వాము కలిపి సిద్ధంగా పెట్టాడు, తల పైకెత్తి పోసేద్దామని. దండం పెట్టి ఆపాను. అలా పోస్తే సగం ఊపిరితిత్తుల్లోకి పోతుంది, కడుపునొప్పితో చావని గుర్రం దాంతో చస్తుంది. డాక్టరుగారు ఫోన్లోనే చెప్పారు: మేత తీసేయండి, నోట్లో ఏమీ పోయకండి, మెల్లగా నడిపించండి, పరుగెత్తించొద్దు, పొర్లుతుంటే దగ్గర నిలబడొద్దు. రాజేంద్రనగర్ నుంచి ఆయన రావడానికి గంటకు పైనే పట్టింది. అంతసేపూ ఆ లాన్ చుట్టూ నడిపించాం. ఆయన వచ్చి నొప్పికి ఇంజక్షన్ ఇచ్చి, ముక్కులోంచి కడుపులోకి గొట్టం దించి, నీళ్ళూ లిక్విడ్ పారఫినూ ఎక్కించారు. గొట్టం దించుతూ ఆయన చెప్పిందొకటి మీరూ గుర్తుపెట్టుకోండి. గుర్రం వాంతి చేసుకోలేదు. నాలుగైదు వందల కిలోల జంతువుకు జీర్ణాశయం 8 నుంచి 15 లీటర్లే. లోపలికి పోయింది అటువైపు నుంచే రావాలి, దారి మూసుకుపోయి కడుపు నిండితే పగిలిపోతుంది.

తెల్లవారుజామున మొదటి లద్దె పడింది. వాచ్‌మన్ భార్య దాన్ని చూసి రెండు చేతులూ జోడించింది. యజమాని పొద్దున పదింటికి వచ్చాడు, నిజంగానే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఆయన చేయించిన మార్పేమిటో తెలుసా? మూడో కెమెరా. ఈసారి నీళ్ళ గిన్నె మీదికి.

అందుకే చెప్తున్నా, ఎకరంన్నరలో మీరు కట్టే మొదటి గది సైసుకు కట్టండి. గుర్రం గోడకు ఆనుకుని, మంచం, ఫ్యాను, బాత్రూముతో. గ్రానైటుకు లక్షలు పోసి, సైసును దాణా బస్తాల మీద పడుకోబెట్టేవాళ్ళను చాలామందిని చూశాను. వాడు మూడు నెలలకు మానేస్తే "ఈ కాలంలో పనివాళ్ళు నిలవడం లేదండీ" అని వాపోతారు. ఎందుకు నిలుస్తాడు?

ఇక రైడింగ్ స్కూలు సంగతి. మీ స్థితిలో నేనైతే మొదటి రెండేళ్ళు అక్కడే పెడతాను, అదీ చూసుకుని. ఫోన్ చేయకుండా మధ్యాహ్నం రెండింటికి వెళ్ళండి. ఉదయం క్లాసులప్పుడు అన్ని స్కూళ్ళూ అద్దంలా ఉంటాయి. నీళ్ళలో నాచుందా, లాయంలో కళ్ళు మండే అమోనియా వాసన వస్తోందా, ఒక సైసుకు ఎన్ని గుర్రాలు అప్పగించారు, ఇవి చూడండి. అయిదారు దాటితే మాలీషు, అదే ఒళ్ళు రుద్ది శుభ్రం చేయడం, పైపైన గుడ్డతో తుడవడమే అవుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, గుర్రాన్ని రోజుకు ఎంతసేపు వదులుతారని అడగండి. నా థరోబ్రెడ్‌ను మొదట ఒకచోట నెలకట్టుకు పెట్టాను. పేరొద్దు. గంట క్లాసు, మిగతా అంతా గదిలోనే. కొన్నాళ్ళకు అది గడపలో నిలబడి గంటల తరబడి తల అటూ ఇటూ ఊపడం మొదలెట్టింది, ఆపైన తలుపు చెక్క పళ్ళతో పట్టుకుని గాలి పీల్చడం. నేనడిగితే "డాన్స్ చేస్తోంది సార్" అన్నారు. పొలంలో వదిలాక తల ఊపడం తగ్గింది, చెక్క కొరకడం మాత్రం ఇప్పటికీ పోలేదు. రాత్రి గుర్రానికి ఏమైనా అయితే మీకు ఫోన్ దొరక్కపోయినా డాక్టర్ని పిలిచే అధికారం వాళ్ళకుందని కాగితం మీద రాయించుకోండి. బిల్లు ఎవరు కడతారన్న మీమాంసలో గంటలు పోతాయి.

సొంత స్థలంలో పెట్టాలంటే ఒంటరిగా మాత్రం పెట్టకండి. అది మందలో బతికే జంతువు. రెండో గుర్రం కుదరకపోతే గాడిదో, నాలుగు మేకలో తోడుండాలి. గుర్రాన్నీ గాడిదనూ ఒకే గాటన కట్టొద్దని పెద్దలు అన్నారు గానీ, గుర్రానికి ఆ అభ్యంతరం లేదు. ఇక మీ రేకుల ప్రశ్న. మన ఎండలకు నాలుగు గోడలూ మూసిన స్లాబు గది పనికిరాదు, ఒట్టి రేకులూ పనికిరావు. తూర్పు పడమరలుగా పొడవుగా, ఒక వైపు పూర్తిగా తెరిచి, ఎత్తుగా రేకులు వేసి, వాటి మీద తాటాకో గడ్డో కప్పండి. ఒక్కో గుర్రానికి 12 అడుగులకు 12 అడుగులు. చుట్టూ ముళ్ళకంచె ఉంటే గుర్రం రాకముందే పీకించండి. బెదిరిన గుర్రం కంచెను చూడదు, కాలి కండ ఊడొచ్చేదాకా లాగుతుంది. గుర్రాలకు ధనుర్వాతం చాలా తేలిగ్గా వస్తుంది, ఏటా టీకా తప్పదు.

మేత గురించి మీ ఊళ్ళో ప్రతివాడూ సలహా ఇస్తాడు, ఎందుకంటే ప్రతివాడికీ బర్రెలున్నాయి. బర్రె వేరు, గుర్రం వేరు. కోళ్ళ దాణా, కొన్నిరకాల పశువుల దాణాల్లో కలిపే మొనెన్సిన్ అనే మందు గుర్రం గుండెను దెబ్బతీసి చంపేస్తుంది. కోళ్ళఫారాలున్న మన ప్రాంతంలో ఈ ఒక్క ముక్క గోడ మీద రాసిపెట్టుకోవాలి. పచ్చజొన్న మేపితే వెనక కాళ్ళు తూలుతాయి, మూత్రం అదుపు తప్పుతుంది. సూపర్ నేపియర్ గడ్డి, తవుడు, ఈ రెంటి మీదే నెలల తరబడి నెట్టుకొస్తే ఒంట్లో కాల్షియం తగ్గి ముఖం ఎముకలు ఉబ్బుతాయి. ఉలవలు పెట్టండి, నానబెట్టి, కొద్దిగా. అసలు మేత మంచి ఎండుగడ్డే, 400 కిలోల గుర్రానికి రోజుకు 6 నుంచి 8 కిలోలు, ఒకేసారి కాకుండా రోజంతా. గిట్టలు ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి చెక్కించాలి. లాడాలు కొట్టేవాళ్ళు మాత్రం సిటీ దాటితే దొరకరు. నేనైతే పెళ్ళి ముహూర్తాల పంచాంగం చూసుకుని మావాణ్ణి పిలుస్తాను, ఎందుకంటే ముహూర్తాలున్న వారం అతను బరాత్ గుర్రాల దగ్గరే ఉంటాడు. ఆ బరాత్ గుర్రాల చెవుల పక్కన డీజే పెట్టి, కాళ్ళ కింద టపాసులు పేల్చే పెళ్ళివారి గురించి రాస్తే ఇంకో జవాబు అవుతుంది, వదిలేస్తున్నా.

కొనేటప్పుడు అమ్మేవాడు సుడులు చూపిస్తాడు. ఈ సుడి రాజయోగం, ఆ సుడి ఇంటికి అరిష్టం అంటూ సుడికింత అని రేటు పెంచుతాడు. మీరు రక్తపరీక్ష కాగితం అడగండి. గ్లాండర్స్ అనే జబ్బు గుర్రం నుంచి మనిషికీ వస్తుంది, టీకా లేదు. పశువుల అంటువ్యాధుల మీద వచ్చిన 2009 చట్టం కింద ప్రభుత్వానికి తెలపాల్సిన జబ్బు అది. తేలితే గుర్రాన్ని చంపేయాల్సిందే. నిర్ధారణ హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రంలో జరుగుతుంది. రిపోర్టు లేని గుర్రం ఉచితంగా ఇచ్చినా వద్దు. రేసుల నుంచి తప్పించిన థరోబ్రెడ్ చవకగా వస్తుందని ఎవరో ఒకరు మీకు ఆశ పెడతారు. నాకు అదంటే ప్రాణం, అయినా ఎనిమిదో తరగతి పిల్లకు మొదటి గుర్రంగా ఇవ్వను. దానికి నేర్పింది పరుగొక్కటే. పన్నెండు, పదమూడేళ్ళ వయసున్న, నాలుగు స్కూళ్ళ పిల్లల్ని మోసి విసిగిపోయిన శాంతమైన గుర్రం కావాలి మీకు. గుర్రాలు పాతికేళ్ళు బతుకుతాయి, వయసైపోయిందేమో అని భయపడకండి.

2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మనవాళ్ళు డ్రెస్సాజ్‌లో, అంటే గుర్రాన్ని సైగలతో లయగా నడిపించే పోటీలో, టీమ్ స్వర్ణం గెలిచారు. 1982 తర్వాత గుర్రపుస్వారీలో మనకు మళ్ళీ స్వర్ణం రావడం అప్పుడే. అప్పట్నుంచి మా వైపు వచ్చే తల్లిదండ్రుల నోట అదే మాట. ఆ నలుగురూ యూరప్‌లో ఉండి ఏళ్ళ తరబడి సాధన చేసినవాళ్ళు. మీ అమ్మాయి అంతదాకా వెళ్ళాలని నాకూ ఉంది. ఇప్పటికి మాత్రం ఆ స్కూల్లోనే ఒక గుర్రాన్ని సగం ఖర్చు పంచుకునేలా లీజుకు తీసుకోండి. ఈ వేసవి సెలవుల్లో అమ్మాయిని ఉదయం ఐదున్నరకు పంపండి, ఎక్కడానికి కాదు, లద్దె ఎత్తడానికి, గిట్టలు శుభ్రం చేయడానికి, మాలీషుకు. సెలవులయ్యాక కూడా గుర్రం కావాలంటే అప్పుడు కొనండి. నాందేడ్ జిల్లా మాళేగావ్ జాతర దాకా వెళ్ళి చూద్దామనుకుంటే మాత్రం నాకో మెసేజ్ పెట్టండి, నేనూ వస్తాను. అక్కడ పళ్ళు అరగదీసి వయసు తగ్గించి అమ్మేవాళ్ళు ఉంటారు.