పారిస్, స్విట్జర్లాండ్, ఇటలీ తిరగాలంటే షెంజెన్ వీసా ఏ దేశానికి అప్లై చేయాలి?

ఎక్కువ రోజులు ఉండే దేశానికే అప్లై చేయాలి. రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. షెంజెన్ అనే యూరప్ దేశాల కూటమిలోని 29 దేశాలకూ సాధారణంగా ఒక్క వీసా చాలు కాబట్టి, మీ ఫైలు ఎవరు చూడాలో తేల్చడానికే ఈ లెక్క. నెల్లూరు జంట ఒకటి చెన్నైలో విమానమెక్కి పారిస్‌లో దిగిందనుకోండి. అక్కడ 4 రోజులు, స్విట్జర్లాండ్‌లో 3, రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్ కలిపి 6 ఉంటే అప్లికేషన్ ఇటలీకి వెళ్తుంది. ఊరూరా విడిగా లెక్కేస్తే పారిస్‌దే పైచేయిగా కనిపిస్తుంది, కానీ చూసేది దేశం మొత్తం. ‘దిగేది పారిస్‌లో కదా, ఫ్రాన్స్ వీసానే’ అని చాలామంది పొరబడేది ఇక్కడే. అన్నట్టు, భార్యాభర్తలైనా ఎవరి అప్లికేషన్ వాళ్లదే, ఎవరి ఫీజు వాళ్లదే. లండన్ కూడా కలుపుకుంటే దానికి వేరే వీసా.