నాన్నగారు పోయారు, అంత్యక్రియలకు చేతిలో డబ్బు లేదు. విశాఖలో సాయం ఎలా అడగాలి?

ముందు ఆ టెన్షన్ మీరొక్కరే మోయకండి. విశాఖలోని ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో పోయుంటే, ఇంటికో శ్మశానానికో తీసుకెళ్లడానికి ప్రభుత్వ మహాప్రస్థానం బండి ఉచితం. ప్రైవేటు అంబులెన్స్‌తో బేరమాడే ముందు దాని గురించి వార్డు సిబ్బందిని అడగండి.

బంధువులను అడిగేటప్పుడు "ఎంతో కొంత" అనకండి. కట్టెలకు ఇంత, బండికి ఇంత, పదకొండో రోజుకు ఇంత అని లెక్క రాసి పంపండి. మా అమ్మ పోయినప్పుడు మా మేనమామ పాత డైరీ వెనక పేజీలో ఎవరెంత ఇచ్చారో, దేనికి ఖర్చయిందో రాసి, అడక్కుండానే అందరికీ చూపించాడు. తర్వాత ఒక్కరూ మాట అనలేదు. దినాలు ఘనంగా చెయ్యాలని వడ్డీకి మాత్రం తేకండి. ఉన్నంతలో చేసినా నాన్నగారికి లోటేమీ ఉండదు.

మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించండి, సర్టిఫికెట్ లేనిదే ఏ డబ్బూ రాదు. ఆయనకు ఈఎస్ఐ (ఉద్యోగులకు ఉండే ప్రభుత్వ బీమా) ఉంటే అంత్యక్రియల ఖర్చుకు 15,000 రూపాయల వరకు ఇస్తారు. ఖర్చు పెట్టిన బిల్లులు దాచుకోండి. పీఎఫ్ కడుతూ ఉద్యోగంలో ఉండగా పోతే ఈడీఎల్ఐ బీమా వేరే ఉంటుంది, గరిష్ఠంగా 7 లక్షలు. బ్యాంకు పాస్‌బుక్కులో ఏటా 436 రూపాయలు కట్ అయ్యాయేమో చూడండి. అది జీవన్ జ్యోతి బీమా. 55 ఏళ్ల లోపువారికి 2 లక్షలు వస్తాయి.