టేపు రోజుకో మాట చెబుతుంటే ఏది నమ్మాలి?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు, ఎత్తు 170 సెంటీమీటర్లు. మూడు నెలలుగా రోజూ నడుస్తూ బరువులు కూడా ఎత్తుతున్నాను. అయినా 72 కిలోల దగ్గరే ఆగిపోయాను. పోనీ నడుము చూసుకుందామంటే టేపు ఒకరోజు 91 సెంటీమీటర్లు చూపిస్తుంది, రెండు రోజులకే 95 అంటుంది. ప్యాంటు మాత్రం కాస్త వదులైంది. పడిన కష్టమంతా వృథానేమో అని టెన్షన్‌గా ఉందండీ. – ఒక పాఠకుడు

జవాబు: ప్యాంటు వదులైందన్నారు చూశారా, మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన మాట అదే. ఒకపక్క కొవ్వు కరుగుతూ ఇంకోపక్క కండ పెరుగుతుంటే కాటాలో ముల్లు కదలదు, నడుము మాత్రం తగ్గుతుంది.

రెండు రోజుల్లో నాలుగు సెంటీమీటర్ల కొవ్వు రాదండీ, మీరు కొలిచే చోటో, ఊపిరో మారుతోంది. చాలామంది ప్యాంటు కట్టుకునే చోటే కొలిచేస్తారు, అది తప్పు. పక్కకి చెయ్యి పెట్టి చివరి పక్కటెముక కింది అంచు తడమండి, తర్వాత తుంటి ఎముక పై అంచు, ఈ రెంటికీ సరిగ్గా మధ్యలో టేపు రావాలి. చొక్కా మీద కాదు, ఒంటి మీదే. వెనకవైపు టేపు జారిపోతుంటుంది, అద్దం ముందు పక్కకి తిరిగి చూసుకోండి. మామూలుగా ఊపిరి వదిలి, ఆ చివర్లో అంకె చూడాలి, పొట్ట లోపలికి లాగకూడదు. రెండుసార్లు కొలిచాక ఒక సెంటీమీటరు కంటే ఎక్కువ తేడా వస్తే మళ్లీ మొదటినుంచి కొలవండి.

ఇక అసలు విషయం. దక్షిణాసియా మగవాళ్లకి 90, ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటితే ముప్పు మొదలైనట్టు లెక్క. (గర్భిణులకి ఈ లెక్క వర్తించదు.) నడుము ఎత్తులో సగానికి లోపు ఉండాలన్నది ఇంకో కొలమానం, అంటే మీకు 85. మీ బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంత ఉందో చెప్పే లెక్క) 24.9, పాతికలోపే కాబట్టి బరువు ఒక్కటే చూసేవాళ్లు మీకేం భయం లేదనేస్తారు, కానీ కాలేయం, పేగుల చుట్టూ చేరే కొవ్వు ఆ లెక్కకి అందదు. షుగర్‌కి, గుండెజబ్బుకి దారితీసేది ముఖ్యంగా ఆ కొవ్వే. 91 అయినా 95 అయినా మీరు గీత దాటే ఉన్నారు, అందుకని పరగడుపు షుగర్, కొలెస్ట్రాల్, బీపీ ఒకసారి చూపించుకోండి.

తొడ, జబ్బ కూడా కొలవండి, ఎప్పుడూ ఒకే వైపు, ఒకే చోట. నడుము తగ్గకుండా తొడ సన్నబడుతుంటే కండ పోతోందేమో అనుమానించాలి.

రోజూ కొలవకండి, రెండు వారాలకోసారి చాలు. పాత 91, 95 రెండూ కొట్టేసి, రేపు పొద్దున్నే ఏమీ తినకముందు కొలిచిన అంకెని మొదటిదిగా రాసుకోండి.