నాలుగొందల ఫోటోలకి ఒకేసారి పేర్లు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

"ఒక్కో ఫోటోకీ ఎఫ్2 కొట్టుకుంటూ కూర్చుంటే తెల్లారిపోతాది మామయ్యా" అని, పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం ఫోటోలకి ఎఫ్2 మీటతో పేర్లు మార్చడం గురించి నిన్న ఫోన్లో విసుక్కున్నావు. విజయనగరంలో ఇన్నేళ్లు స్టూడియో నడిపినవాణ్ణి, ఆ బాధ నాకు తెలీదా? అన్నిటినీ సెలెక్ట్ చేసి ఒక్కసారే ఎఫ్2 కొట్టొచ్చు, కానీ ఏ ఫోటో పాత పేరేమిటో తర్వాత చెప్పలేవు. అందుకే నేను టెక్స్ట్ ఎడిటర్‌లో చేస్తాను.

ముందు ఫోల్డర్‌ని వేరేచోట కాపీ పెట్టు. రెండు కెమెరాల గడియారాలూ ఒకే టైం చూపిస్తున్నాయా చూసుకో. ఒకసారి ఒక పెళ్లికి నేను ఇది చూసుకోలేదు. ఆల్బమ్‌లో జీలకర్ర బెల్లం కంటే ముందే తాళి కట్టేశారు! వెనక్కి తిప్పుదామంటే పాత పేర్ల జాబితా లేదు. పెళ్లికూతురి తండ్రి పెట్టిన చీవాట్లు ఇంకా చెవిలో ఉన్నాయి.

ఇప్పుడు పని. ఫోల్డర్‌లో పైన అడ్రస్ ఉండే గడిలో సిఎండి అని కొట్టి ఎంటర్ నొక్కు. నల్ల కిటికీ వస్తుంది. అందులో డిఐఆర్ /బి /ఓడి > పట్టిక.టిఎక్స్‌టి అని కొట్టు. (నేను తెలుగులో రాశాను, నువ్వు ఇంగ్లీషు అక్షరాలే కొట్టాలి.) తేదీ వరసలో పేర్లన్నీ ఆ ఫైల్లోకి వస్తాయి. పట్టిక పేరు కూడా అందులోనే దూరుతుంది, ఆ వరస తీసెయ్.

దాన్ని నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో తెరువు. ఆల్ట్ నొక్కిపట్టి మౌస్‌తో పైనుంచి కిందికి లాగితే పేర్లు నిలువు పట్టీగా సెలెక్ట్ అవుతాయి. కాపీ చేసి, మొదటి వరస చివర ఒక స్పేస్ ఇచ్చి పేస్ట్ చెయ్. ఎడమ పాత పేరు, కుడి కొత్త పేరు కాబోయేది. ఎడమదాన్ని ముట్టుకోకు. కుడివైపు డాట్‌కి ముందున్న పేరు మాత్రమే మళ్లీ ఆల్ట్‌తో పట్టి 2025-10-07-సిరిమాను- అని ఇంగ్లీషులో కొట్టు, అన్ని వరసల్లోనూ ఒకేసారి పడుతుంది. అక్కడే ఆల్ట్, సి నొక్కి 1 నుంచి అంకెలు వేయించు. ముందు సున్నాలు పెట్టమని చెప్పడం మరవకు: 001, 002 అని ఉంటే ఎక్కడికి పంపినా వరస చెదరదు. సంవత్సరం ముందు రాయమన్నదీ అందుకే. పేరులో స్పేస్ వద్దు, గీతే పెట్టు. టైం రాయాలనిపించినా 3:30 అని రాయకు, ఆ రెండు చుక్కలు విండోస్ ఒప్పుకోదు.

చివరగా ప్రతి వరస మొదట్లో ఆర్ఇఎన్ (పేరు మార్చమనే ఆజ్ఞ), ఒక స్పేస్. ఆఖరి వరసలో పాజ్ అని రాస్తే కిటికీ మూసుకోకుండా ఆగుతుంది, తప్పులుంటే కనిపిస్తాయి. అదే ఫోల్డర్‌లో డాట్ బ్యాట్ తోకతో సేవ్ చేసి, డబుల్ క్లిక్ చెయ్. సేవ్ చేసేటప్పుడు ఫైల్ రకం దగ్గర అన్ని ఫైళ్లు అని ఎంచుకో, లేకపోతే టిఎక్స్‌టి తోక అంటుకోవచ్చు, అప్పుడు నడవదు.

నడిపేముందు ఒకసారి కళ్లతో కిందిదాకా చూడు. తెల్ల ఏనుగు, అంజలి రథం, తర్వాత సిరిమాను, ఊరేగింపు ఎలా నడిచిందో ఫోటోలూ అలాగే ఉన్నాయా అని. ముందు మూడు వరసలే ఉంచి నడిపితే ఇంకా మంచిది.

ఆ బ్యాట్ ఫైలు పారేయకు. పైడితల్లి గుడివాళ్లు పాత పేరుతో ఫోటో అడిగితే అందులోనే వెతకాలి. తప్పు జరిగితే ఎడమ, కుడి పట్టీలు తారుమారు చేసి మళ్లీ నడుపు, పాత పేర్లు వచ్చేస్తాయి. ఈ పని రాత్రి పది దాటాక మాత్రం మొదలెట్టకు.

మీ మామయ్య