పోయిన మిత్రుల కోసం ఒక సోల్ రాత్రి: అమ్మాయికి లేఖ

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి,

ఆశీస్సులు. మీ మామగారి నార్తర్న్ సోల్ (అరుదైన అమెరికా నల్లజాతి సోల్ పాటలకు ఉత్తర ఇంగ్లండు క్లబ్బుల్లో డాన్స్ చేసే సరదా) మిత్రుల్లో కాలం చేసినవారిని తలచుకుంటూ బోల్టన్‌లో ఒక సంగీత రాత్రి జరపాలని మిగిలినవారు నిశ్చయించుకున్నారనీ, ఏర్పాట్లన్నీ నీకు అప్పగించారనీ రాశావు. ఉద్యోగరీత్యా లాంకషైర్‌కు వచ్చిన కొత్తలో నేనూ తోటివారి వెంట విగన్ కాసినో అనే డాన్స్ క్లబ్బుకు వెళ్లినవాణ్ణే. ఆ తరువాత ఇలాంటి వీడ్కోళ్లకు చాలావాటికి వెళ్లాను, కొన్నింటిని దగ్గరుండి జరిపించాను. అందుకే నాకు తెలిసినంతలో రాస్తున్నాను.

ముందుగా ఎవరు ఏ క్లబ్బు మనిషో తెలుసుకుని రాసిపెట్టుకో. బయటివారికి ఈ సంగీతం అనగానే విగన్ కాసినో ఒక్కటే తోస్తుంది గానీ, మాంచెస్టర్‌లోని ట్విస్టెడ్ వీల్ 1971లోనే మూతపడింది, స్టోక్ వైపు టన్‌స్టాల్‌లో ఉన్న గోల్డెన్ టార్చ్ 1973లో మూతపడింది, కాసినోలో మొదటి ఆల్‌నైటర్ (తెల్లవారేదాకా సాగే డాన్స్) జరిగింది ఆ ఏడాది సెప్టెంబరు 23న. కాబట్టి వీల్‌లో డాన్స్ చేసిన మనిషికి కాసినో తరువాతి తరంవాళ్ల చోటు. బ్లాక్‌పూల్ ఊళ్లోని మెక్కా అనే డాన్స్ హాలులో ఉన్న హైలాండ్ రూమ్ వ్యవహారం ఇంకా సున్నితమైనది. అక్కడ డీజేలు ఇయాన్ లెవీన్, కోలిన్ కర్టిస్ 1970ల నాటి కొత్త రికార్డులు కూడా వేయడం మొదలుపెట్టగా, కాసినో జనం ఎక్కువగా 1960ల వేగమైన దరువునే పట్టుకుని ఉన్నారు. ఆ రెండు పక్షాల వాదన అర్ధ శతాబ్దం గడిచినా పూర్తిగా చల్లారలేదు. జ్ఞాపకార్థం వేయించే కార్డులో మెక్కా మనిషి ఫొటో పక్కన నువ్వు కాసినో బ్యాడ్జి ముద్రిస్తే మర్యాదకొద్దీ ఎవరూ నీతో ఏమీ అనరు, కానీ ఆ కార్డు వేసినవారికి ఆయన ఎవరో తెలియదని హాలంతా గ్రహిస్తుంది.

మిత్రుల దగ్గర జ్ఞాపకాలు సేకరించేటప్పుడు "ఆయన ఎలాంటివాడు?" అని అడగవద్దు. అలా అడిగితే మంచివాడు, సరదా మనిషి, ఎవరికైనా సాయం చేసేవాడు అన్న మూడు మాటలే వస్తాయి, అవి ఎవరికైనా సరిపోతాయి. ఏ ఊరినుంచి ఎవరి వ్యానులో వచ్చేవాడు, హాలులో ఏ మూల నిలబడేవాడు, ఏ పాట మొదలైతే మాట మధ్యలో వదిలి వెళ్లిపోయేవాడు, ఏ రికార్డు అమ్ముకుని తరువాత బాధపడ్డాడు అని అడుగు. అలాంటి ప్రశ్న ఒకటి వేస్తే అరగంట ఆగకుండా చెబుతారు. ఇద్దరిద్దరిని కలిపి కూర్చోబెట్టి అడిగితే మరీ మంచిది, ఒకరు తప్పు చెబితే రెండోవారు దిద్దుతారు. ఆరోగ్యం బాగాలేనివారి దగ్గరకు ముందు వెళ్లు.

ఈ బృందంలో చాలామంది ఒకరికొకరు మొదటిపేరుతోనో, ముద్దుపేరుతోనో, ఊరిపేరుతోనో మాత్రమే తెలుసు. ఏళ్ల తరబడి పక్కపక్కన డాన్స్ చేసినవారికి కూడా అవతలివారి ఇంటిపేరు తెలియకపోవచ్చు, ఆయన పిల్లలకేమో ఆ ముద్దుపేరు తెలియకపోవచ్చు. అందుచేత కార్డులో రెండు పేర్లూ వేయించు. అలాగే, ఆడవారిని ఫలానావారి భార్య అని ఒక్క ముక్కలో తేల్చేయకుండా చూడు. డీజేలు, రికార్డులు సేకరించేవారు ఎక్కువగా మగవారు కావడంవల్ల వ్రాతల్లోకి వారే ఎక్కారు గానీ, తెల్లవారేదాకా ఆ చెక్కనేలను నిలబెట్టినవారిలో ఆడపిల్లలు తక్కువేమీ కాదు.

ఇక పోయినవారి ఇళ్లలోని వస్తువుల విషయం. పాత చేతిసంచి కనబడితే దానిమీద కుట్టిన గుడ్డ బ్యాడ్జీలను విప్పనివ్వకు. కాసినో వార్షికోత్సవాలకు వేర్వేరుగా బ్యాడ్జీలు వచ్చేవి గనుక, ఎవరు ఏ సంవత్సరాల్లో అక్కడ తిరిగారో ఆ సంచి చూస్తే ఊహించవచ్చు. హాలులో రికార్డు చేసుకున్న క్యాసెట్లు దొరికితే అట్టమీద రాసిన పాటల పేర్లను వెంటనే నమ్మవద్దు. పోటీ డీజేలకు తెలియకుండా ఉండాలని ఆ రోజుల్లో రికార్డు లేబుల్‌మీద కాగితం అంటించి, గాయకుడికీ పాటకూ దొంగపేర్లు పెట్టి వేసేవారు. అసలు పేరు చెప్పగల పాత సేకర్తలు ఇంకా ఉన్నారు, వారిని అడుగు.

రికార్డుల పెట్టె గురించి మాత్రం గట్టిగానే చెబుతాను. అంత్యక్రియలైన వారంలోనే "జ్ఞాపకంగా ఒకటి తీసుకుంటాను" అంటూ వచ్చేవారు ఉంటారు, వారిలో కొందరిది నిజమైన దుఃఖమే. అయినా, కొనే ఉద్దేశం లేని ఒక తెలిసిన మనిషి కూర్చుని జాబితా రాసేదాకా పెట్టెలోంచి ఒక్క సింగిల్ (పక్కకు ఒక పాట ఉండే చిన్న రికార్డు) కూడా కదలకూడదని ఆ ఇంటివారికి చెప్పు. ఫ్రాంక్ విల్సన్ 1965లో మోటౌన్ రికార్డు కంపెనీ కోసం పాడిన సింగిల్ ఒకటి 2009లో 25,742 పౌండ్లకు అమ్ముడుపోయింది. అలాంటిది మీవాళ్ల పెట్టెల్లో ఉంటుందని ఆశపడకు, కానీ వందల పౌండ్లు పలికేవి ఉండవచ్చు, అచ్చంగా వాటిలాగే కనిపించే నకళ్లు అంతకంటే ఎక్కువగా ఉండవచ్చు. కవర్లమీద ఆయన చేతివ్రాత ఉంటే ఆ కవరును ఆ రికార్డుతోనే ఉంచండి.

మత్తుమాత్రల ప్రస్తావన తప్పక వస్తుంది. రాత్రంతా మెలకువగా ఉండడానికి ఆంఫెటమిన్ వాడినవారు ఆ హాళ్లలో ఉన్నారన్నది దాచినా దాగని సంగతి. కానీ ఎవరి విషయంలో ఎంతవరకు చెప్పవచ్చో వారి భార్యాపిల్లలే నిర్ణయించాలి. మైకు ముందు దానిని హాస్యానికి వాడుకోబోయే మిత్రుడు ఒకడు ప్రతి బృందంలోనూ ఉంటాడు. అతనితో ముందే మాట్లాడి ఉంచు.

ఆ రాత్రి ఉపన్యాసాలు తక్కువ పెట్టు. నా అభిప్రాయంలో ఒక్కొక్కరి పేరు చెప్పి, వారి ఊరు చెప్పి, వారి గురించి నిర్దిష్టమైన సంగతి ఒకటి చెప్పి, వెంటనే వారి పాటను మొదటినుంచి చివరిదాకా వేయడమే సరైన పద్ధతి. మన ఇళ్లలో సంవత్సరీకంనాడు పోయినవారికి ఇష్టమైనది వండినట్టే ఇదీను. ఒక్కో పాట రెండున్నర, మూడు నిమిషాలే కాబట్టి పదిమందిని తలచుకున్నా గంట పట్టదు. అయితే ఏ పాట అన్నది మాత్రమే కాక, ఎవరు పాడినది అన్నది కూడా సరిచూసుకో. "టెయింటెడ్ లవ్" అని వెతికితే ముందుగా 1981 నాటి సాఫ్ట్ సెల్ బృందం పాట వస్తుంది, మీవాళ్లకు కావలసింది 1960లలో గ్లోరియా జోన్స్ పాడినది. ఇలాంటి పొరపాటు క్రిమటోరియంలో జరగడం నేను చూశాను. అక్కడ సమయం కొలిచి ఇస్తారు గనుక ఆపి మళ్లీ వేయడానికి వీలుండదు.

హాలు చూసేటప్పుడు ముందు నేల చూడు. తివాచీ ఉంటే వద్దను, చెక్కనేల ఉండాలి. కాళ్లు జారడానికి టాల్కం పౌడర్ చల్లుకోవడం వీరి అలవాటు, ఇప్పుడు చాలా హాళ్లవారు దానికి ఒప్పుకోరు, కనుక అడ్వాన్సు కట్టకముందే అడుగు. డెబ్బై దాటిన మోకాళ్లు వస్తాయి కాబట్టి నేల పక్కనే కుర్చీలు వేయించు, దూరంగా వేయిస్తే వారు నొచ్చుకుంటారు. ముగింపు గురించి కూడా అడిగావు. కాసినోలో ఉదయం ఎనిమిదింటికి ముందు ఎప్పుడూ వేసే చివరి మూడు పాటలు టోబీ లెజెండ్, జిమ్మీ రాడ్‌క్లిఫ్, డీన్ పారిష్ పాడినవి. బృందంలో ఎక్కువమంది కాసినోవారైతే ఆ వరుసలోనే ఆ మూడూ వేసి ఆపేయి. వీల్ మనుషులు ఎక్కువైతే ఆఖరి పాటలు ఏవో వారినే ఎంచుకోనివ్వు.

కార్డు అచ్చుకు ఇచ్చేముందు పేర్లూ, క్లబ్బులూ, సంవత్సరాలూ ఉన్న పేజీ నాకు పంపు. నేను చూశాక మీ మామగారికి కూడా ఒకసారి చూపించు, ఆయన కళ్లద్దాలు పెట్టుకున్నాకే.

మీ బాబాయి