బాష్లార్‌ను చదవడానికి వెళ్తున్న మేనకోడలికి

బుజ్జీ,

అత్తయ్య ఆశీస్సులు. మందుల కంపెనీ ల్యాబ్‌లో ఉద్యోగం మానేసి, ఫ్రాన్స్ వెళ్లి, ఫ్రెంచి తత్వవేత్త గాస్టన్ బాష్లార్ మీద పరిశోధన చేస్తావట! మీ నాన్న ఫోనులో ఈ సంగతి చెప్పి, "అంతా నీ వల్లే" అని విసుక్కున్నాడు. ఆ పేరు నీ చెవిన వేసింది నేనే కాబట్టి నోరు మూసుకుని విన్నాను. ఫోను పెట్టేశాక మాత్రం ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకున్నాను. సాయంత్రానికి భయం పట్టుకుంది. అందుకే ఈ ఉత్తరం.

వీసా, డబ్బు, చలికోట్ల సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. ఫ్రెంచి రోజూ చదువు, ఒక్క పూట కూడా మానకు. హాస్టల్ గదిలో కొవ్వొత్తి వెలిగించకు. నవ్వకు, చెప్పేది విను. బాష్లార్ బతికుండగా వచ్చిన చివరి పుస్తకం, 1961లో అచ్చయింది, కొవ్వొత్తి మంట గురించే. అది చదివినవాళ్లకు లైటు ఆర్పేసి కొవ్వొత్తి ముందు కూర్చోవాలనిపిస్తుంది. ఇట్టే అంటుకునే ఈథర్ సీసా పక్కనే బర్నర్ ముట్టించే పిల్లలను ఉద్యోగం చేసినన్నాళ్లూ కాపలా కాసినదాన్ని. నిప్పు దగ్గర నాకు కవిత్వం పనికిరాదు.

ముప్పై దాటాక కొత్త చదువేమిటని మీ నాన్న గోల. ఆయనకు బాష్లార్ జీవితం చెప్పు. 1884లో షాంపేన్ ప్రాంతంలో, బార్-స్యూర్-ఓబ్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. ముప్పై ఏళ్లు దగ్గరపడేదాకా తపాలా శాఖలో ఉద్యోగం. టెలిగ్రాఫ్ ఇంజనీరు కావాలనుకున్నాడు, కాలేదు. 1914లో పెళ్లి, ఆ వెంటనే యుద్ధం, మూడేళ్లకు పైగా కందకాల్లో బతుకు. తిరిగొచ్చి సొంత ఊళ్లోనే పిల్లలకు ఫిజిక్స్, కెమిస్ట్రీ పాఠాలు చెప్పుకున్నాడు. 1920లో భార్య పోయింది. చేతిలో పసిపిల్ల సుజాన్. ఆ పిల్లను పెంచుకుంటూ, పాఠాలు చెప్పుకుంటూ ఫిలాసఫీ చదివి, 1927లో పారిస్‌లోని సోర్బాన్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ తీసుకున్నాడు. అప్పటికి నలభై దాటాయి. ఆ డాక్టరేట్‌కు ఇచ్చిన రెండు గ్రంథాల్లో ఒకటి, ఘనపదార్థాల్లో వేడి ఎలా ప్రసరిస్తుందన్న సమస్య చరిత్ర. డిజాన్ విశ్వవిద్యాలయానికి వెళ్లింది 1930లో, సోర్బాన్‌లో ఆచార్యుడైంది 1940లో. మీ నాన్న లెక్కన అయితే ఈయన స్టాంపులు అమ్ముకుంటూనే రిటైర్ కావలసింది.

ఇక అసలు విషయం. నువ్వు "పొయెటిక్స్ ఆఫ్ స్పేస్" పట్టుకుని తిరుగుతున్నావని విన్నాను. 1957 నాటి పుస్తకం, అందమైనదే, కాదనను. కానీ అక్కడ మొదలుపెట్టకు. 1938లో మొదలుపెట్టు. ఆ ఒక్క సంవత్సరంలోనే ఆయనవి రెండు పుస్తకాలు వచ్చాయి. ఒకటి శాస్త్రీయ బుద్ధి ఎలా రూపుదిద్దుకుంటుందో చెప్పేది, రెండోది నిప్పును గురించిన మనోవిశ్లేషణ. ఒకే బల్ల మీద, ఒకే చేత్తో రాసినవి. మొదటి దాంట్లో చెప్పిన సిద్ధాంతానికి రెండోది ఒక ఉదాహరణ అని తనే రాసుకున్నాడు. నిప్పు పుస్తకం, స్పేస్ పుస్తకం 1964లోనే ఇంగ్లీషులోకి వచ్చేశాయి. ఆ మొదటిది రావడానికి 2002 దాకా పట్టింది. మా తరానికి ఇంగ్లీషులో దొరికిన బాష్లార్ సగం మనిషే. ఆ సగాన్నే మొత్తం అనుకుని ఎంతమంది బోల్తా పడ్డారో! అందులో ఒకాయన కథ నువ్వు వినాలి.

మా కాలేజీలో నాతోపాటు పనిచేసిన తెలుగు లెక్చరర్. పేరెందుకులే, మంచి మనిషి. పద్యం చదివితే వరండాలో వెళ్తున్నవాళ్లు నిలబడి వినేవాళ్లు. నిప్పు పుస్తకం ఆయనకు ఇచ్చింది నేనే. వారం తిరక్కుండానే వచ్చి, "అమ్మా, ఈయన మనవాడే" అన్నాడు. నిప్పు, నీరు, గాలి, నేల, ఒక్కోదానికీ పుస్తకం ఉందని విన్నాడు కదా, నాలుగు భూతాలు లెక్క సరిపోయాయి. అయిదోది కావాలి. స్పేస్ పుస్తకం ఉందని తెలియగానే ఎగిరి గంతేశాడు. అదే ఆకాశమట! పంచభూతాలూ పూర్తయ్యాయి. దాని మీద పీహెచ్‌డీకి కూర్చున్నాడు. మన కావ్యాల్లోంచి కట్టలకొద్దీ పద్యాలు ఏరి, ఒక్కో భూతం కింద సర్ది, చివర్లో మన పూర్వులు ఊహించినదాన్నే ఫ్రెంచి శాస్త్ర తత్వవేత్త నిరూపించాడని తేల్చాడు. రాతప్రతి నాకు చూపించాడు. ఆ స్పేస్ పుస్తకంలో ఉన్నది ఆకాశం కాదండీ, నేలమాళిగ, అటక, సొరుగులు, బీరువాలు, పక్షిగూళ్లు, గవ్వలు, గది మూలలు అన్నాను. "ఇల్లు కూడా ఆకాశంలో భాగమే కదమ్మా" అన్నాడు. ఆయనతో వాదించి గెలిచినవాళ్లు లేరు.

మౌఖిక పరీక్షలో పరీక్షకుడు అడిగింది ఒకే ప్రశ్నట. "ఈ తత్వవేత్త ఏళ్లతరబడి కెమిస్ట్రీ పాఠాలు చెప్పాడు కదా, కెమిస్ట్రీలో నిప్పుకు ఏ స్థానం ఉందంటాడు?" మనవాడి దగ్గర జవాబు లేదు. జవాబు నిప్పు పుస్తకం మొదటి పేజీల్లోనే ఉంది తల్లీ. కాలం గడిచేకొద్దీ కెమిస్ట్రీ పుస్తకాల్లో నిప్పు గురించిన అధ్యాయం కుంచించుకుపోతూ వచ్చిందనీ, నిప్పు ఇక శాస్త్రానికి వస్తువు కాదనీ చెప్పి మరీ మొదలుపెడతాడు బాష్లార్. నాలుగు భూతాలు ఆయన దృష్టిలో లోకం దేనితో తయారైందో చెప్పే జాబితా కాదు. మనిషి ఊహ ఏ పదార్థం చుట్టూ తిరగడానికి ఇష్టపడుతుందో చెప్పే వర్గీకరణ. ఒక కవికి నీళ్లు కావాలి, ఇంకొకరికి మంట కావాలి. ఈ రెంటినీ కలిపేస్తే శాస్త్రమూ చెడుతుంది, పద్యమూ చెడుతుంది. మన పద్యాలకు ఎవరి నిరూపణా అక్కర్లేదు. మనవాడు ఆ ఒక్క మెలిక చూసుకుని ఉంటే, అంత పద్య ధారణ ఉన్నవాడు, ఎంత గొప్ప పుస్తకం రాసేవాడో! థీసిస్ వెనక్కి వచ్చింది. మళ్లీ దిద్దలేదు, బాష్లార్ పేరు ఎత్తనూ లేదు. నాకిప్పటికీ కడుపులో దేవినట్టు ఉంటుంది.

కాబట్టి ముందు శాస్త్రీయ బుద్ధి గురించిన ఆ కఠినమైన పుస్తకం చదువు. అందులో స్పాంజి గురించిన అధ్యాయం ఒకటి ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రెంచి శాస్త్రవేత్త రియోమూర్‌కు గాలి స్పాంజిలా కనిపించింది. అమెరికావాడు బెంజమిన్ ఫ్రాంక్లిన్‌కు మామూలు పదార్థమంతా విద్యుత్తును పీల్చుకునే స్పాంజి. పోలిక దొరికింది, మనసుకు హాయిగా ఉంది, ప్రశ్న అక్కడితో ఆగిపోయింది. హాయినిచ్చే ఆ బొమ్మే జ్ఞానానికి అడ్డంకి అంటాడు. పరమాణువును సూర్యకుటుంబంలా గీసుకుని వచ్చిన పిల్లలకు ఆర్బిటాల్, అంటే ఎలక్ట్రాన్ గీత మీద తిరగదు, ఫలానా చోట ఉండే అవకాశం మాత్రమే చెప్పగలమన్న సంగతి, ఎక్కించడానికి నేను పడిన పాట్లు నీకు గుర్తుండాలి, నువ్వూ వాళ్లలో ఒకదానివే. గీసింది చెరిపేయమంటే ఏడ్చావు.

అది పూర్తయ్యాకే నిప్పు పుస్తకం తెరువు. అప్పుడు తెలుస్తుంది దాని రుచి. చిన్నప్పుడు చలికాలపు పండగలకు వాళ్లింట్లో జరిగిన ముచ్చట ఒకటి రాస్తాడు. నాన్న తమ ద్రాక్షతోట సారాను వెడల్పాటి పళ్లెంలో పోసి, మధ్యలో పెద్ద పెద్ద చక్కెర ముక్కలు పెడతాడు. అగ్గిపుల్ల చక్కెర కొసకు తగలగానే నీలిమంట చిన్న చప్పుడుతో సారా మీదికి జారుతుంది. అమ్మ వేలాడే దీపం ఆర్పేస్తుంది. ఇంకోచోట నాయనమ్మ బుగ్గలు పూరించి ఉక్కు గొట్టంతో పొయ్యి ఊదుతుంటుంది. అచ్చం మా అమ్మ ఊదుగొట్టమే. ఆ పేజీ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పొద్దున్నే పొయ్యి రాజేయడం మానుకోవడం కన్నా ఫిలాసఫీ పాఠం ఎగ్గొట్టడమే నయమని రాశాడు మహానుభావుడు. నిప్పు గురించి మన ఊహలన్నీ శాస్త్రం దగ్గర తప్పులేనని నిలదీయడానికి కూర్చున్నవాడు ఆ తప్పులతోనే ప్రేమలో పడ్డాడు. ప్రేమలో పడ్డా, వాటిని తిరిగి ల్యాబ్‌లోకి మాత్రం రానివ్వలేదు. శాస్త్రమూ కవిత్వమూ రెండు వ్యతిరేక ధ్రువాలు, వాటిని చక్కగా అమరిన వ్యతిరేకాలుగా జతపరచడమే తత్వశాస్త్రం ఆశించగలిగింది అన్నాడు. జతపరచడమంటే కలిపి ముద్ద చేయడం కాదు.

నా భయం ఇదే బుజ్జీ. వెళ్లిన మొదటి ఏడాదిలోనే కెమిస్ట్రీ నీకు పాత చీరలా కనిపిస్తుంది. చుట్టూ కవిత్వం మాట్లాడేవాళ్లు ఉంటారు, నువ్వు పొడులు తూకం వేసి వచ్చినదానివని చెప్పుకోవడానికి సిగ్గుపడతావు. సిగ్గుపడితే ఊరుకోను. త్రాసు ముందు ఊపిరి బిగబట్టి నిలబడిన చేతులు నీవి. పరికరం అంటే వస్తువు రూపం దాల్చిన సిద్ధాంతమని ఆయన అన్న మాట అక్కడివాళ్లకు పుస్తకంలో వాక్యం. నీకు అది రోజూ చేసిన పని. ఆ అధ్యాయం రాయడానికి నీకున్న హక్కు వాళ్లకు లేదు.

సుజాన్ సంగతి కూడా చూడు. ఆ తల్లిలేని పిల్ల పెద్దదై తనూ తత్వవేత్త అయింది, జర్మన్ తత్వవేత్త హుస్సెర్ల్ తర్కగ్రంథాన్ని ఫ్రెంచిలోకి తెచ్చింది. నాన్న 1962లో పోతూ అసంపూర్తిగా వదిలిన నిప్పు పుస్తకపు కాగితాలను 1988లో అచ్చు వేయించింది. అది ఇంగ్లీషులో వెతుక్కోకుండా ఫ్రెంచిలోనే చదువు, నాకు చెప్పు.

మీ నాన్నను ఆదివారం భోజనానికి పిలిచాను. వంకాయ కూర చేసి నేను మాట్లాడతాను, నువ్వు మధ్యలో ఫోను చేయకు. టిక్కెట్టు డబ్బులో సగం నాది, వద్దంటే మాట్లాడను. స్పాంజి అధ్యాయం ఈ నెలలోపే పూర్తిచేసి, అందులో నీకు ఒప్పుకోబుద్ధి కానివి ఏమిటో రాసి పంపు.

మీ అత్తయ్య