చందాల పేజీ తెరిచే ముందు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా అమ్మానాన్న ఆరు నెలలుందామని అమెరికాలో మా దగ్గరికి వస్తున్నారు. నాన్నకు బీపీ, షుగర్ ఉన్నాయి. ఇన్సూరెన్సు దండగ, ఏమన్నా అయితే ఆన్‌లైన్‌లో చందాలు పోగుచేసే గోఫండ్‌మీలో పేజీ పెడితే మనవాళ్లంతా తలా కొంత వేస్తారని స్నేహితులంటున్నారు. నిజమేనా?

జవాబు: మీ స్నేహితులకు కనబడేవి డబ్బు వచ్చిన పేజీలే. ఎవరూ ఏమీ వెయ్యని పేజీ మన ఫోనుదాకా రాదు. 2016 నుంచి 2020 దాకా అమెరికాలో వైద్యం కోసం తెరిచిన 4,37,000కు పైగా గోఫండ్‌మీ పేజీలను యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ పరిశోధకులు పరిశీలించారు. అనుకున్న మొత్తం చేరినవి నూటికి 12 కూడా లేవు. 16 శాతం పేజీలకు ఒక్క డాలరూ రాలేదు. కలిగినవాళ్లు ఉండే చోట ఎక్కువ వచ్చింది, అవసరం ఎక్కువున్న చోట తక్కువ వచ్చింది. జబ్బు ఎంత పెద్దదన్నది కాదు, మీకు తెలిసినవాళ్లు ఎంతమంది, వాళ్ల చేతిలో ఎంతుంది అన్నదే అక్కడ లెక్క. నాన్నగారి ప్రాణాన్ని దానికి వదలకండి.

విజిటర్ ఇన్సూరెన్సు కొనండి, కానీ చౌకదనం చూసి ఫిక్స్‌డ్ బెనిఫిట్ రకం తీసుకోవద్దు. అందులో గదికి రోజుకింత, ఆపరేషన్‌కింత అని ముందే గీసిన హద్దు ఉంటుంది, ఆపైదంతా మీ నెత్తినే. కాంప్రహెన్సివ్ రకంలో డిడక్టబుల్ (ముందుగా మీ జేబులోంచి పెట్టాల్సిన మొత్తం) మీరు కట్టాక, సాధారణంగా మొదటి 5,000 డాలర్లలో 80 శాతం, ఆ తర్వాత పాలసీ గరిష్ఠం దాకా మొత్తం కంపెనీయే కడుతుంది. పాత జబ్బులకు పూర్తి రక్షణ ఏ పాలసీలోనూ ఆశించకండి. ‘అక్యూట్ ఆన్‌సెట్’ నిబంధన ఉందో లేదో చూడండి: ఉన్న జబ్బు ముందస్తు సూచన లేకుండా ఒక్కసారిగా విషమిస్తే, సాధారణంగా 24 గంటల్లోపు ఆసుపత్రికి వెళ్తే, అది వర్తిస్తుంది. డెబ్బై దాటినవాళ్లకు ఈ నిబంధన కింద ఇచ్చే మొత్తాన్ని చాలా పాలసీలు బాగా తగ్గిస్తాయి, కొన్ని తీసేస్తాయి. నాన్నగారి వయసుకు ఎదురుగా ఉన్న అంకె చదివాకే డబ్బు కట్టండి.

ప్రశ్న: మా తమ్ముడు న్యూయార్క్‌లో ఎమ్మెస్ చదువుతున్నాడు. రోడ్డు దాటుతుంటే కారు గుద్దింది, ఐసీయూలో ఉన్నాడు. రూమ్మేట్లు లక్ష డాలర్లకు పేజీ తెరుస్తామంటున్నారు. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: మీ తమ్ముడు త్వరగా కోలుకోవాలి. పేజీ రెండు రోజులు ఆగినా ఫరవాలేదు, ఈ కాగితం ఆగకూడదు: న్యూయార్క్ రాష్ట్రంలో తప్పెవరిదైనా సరే, గుద్దిన కారు నో-ఫాల్ట్ ఇన్సూరెన్సే నడిచేవాళ్ల వైద్యానికీ చెల్లించాలి. కనీస రక్షణ 50,000 డాలర్లు. ప్రమాదం జరిగిన 30 రోజుల్లో రాతపూర్వకంగా తెలియజేయాలి. తెలియక ఈ గడువు దాటబెట్టుకుంటే జరిగే నష్టాన్ని ఏ పేజీ పూడ్చలేదు. పోలీసు రిపోర్టు తెప్పించి అందులోంచి బీమా కంపెనీ పేరు, పాలసీ వివరాలు తీసుకోండి. యూనివర్సిటీ ఇన్సూరెన్సు ఐడీ నంబరు కూడా ఆసుపత్రి బిల్లింగ్ విభాగానికి ఇవ్వండి.

మొదటి బిల్లు చూసి గుండె జారిపోతుంది. అది చాలాసార్లు బీమా లెక్క తేలకముందు వేసిన అంకె. చందా డబ్బు చేతిలో ఉంది కదా అని దాన్ని కట్టేయకండి. తామెంత కడుతున్నారో, మీ వాటా ఎంతో చెబుతూ బీమా కంపెనీ పంపే ఈఓబీ పత్రం వచ్చేదాకా ఆగి, ఆసుపత్రిని పద్దులవారీ బిల్లు అడిగి రెండూ పోల్చండి. లాభాపేక్ష లేని ఆసుపత్రి అయితే ఫైనాన్షియల్ అసిస్టెన్స్ (కట్టలేనివాళ్లకు బిల్లు తగ్గించే లేదా మాఫీ చేసే సాయం) దరఖాస్తు అడగండి. ఆ విధానం ఉండి తీరాలని ఫెడరల్ చట్టమే చెబుతోంది. డిశ్చార్జి తర్వాత వచ్చిన మొదటి బిల్లు నుంచి 240 రోజుల దాకా పెట్టుకోవచ్చు, మొదటి 120 రోజుల్లో కోర్టుకెక్కడం లాంటి గట్టి వసూళ్లకు వాళ్లు దిగకూడదు. దరఖాస్తు దానంతట అది రాదు. ఆసుపత్రి సోషల్ వర్కర్‌ను పట్టుకుని అడగాలి. ఇది దయ కాదు, హక్కు.

ఇక పేజీ. లక్ష అని గుండుగుత్తగా రాయకుండా, బీమా ఇవ్వనివాటికే లెక్క వేయండి: అమ్మానాన్నల టికెట్లు, వాళ్ల బస, తమ్ముడి గది అద్దె, పోయిన సెమిస్టర్ ఫీజు. గోఫండ్‌మీ కోతలు కూడా లెక్కలోకి తీసుకోండి. అమెరికాలో ప్రతి విరాళంలోంచి 2.9 శాతం, దానిపైన 30 సెంట్లు పోతాయి. రెండు వందలమంది తలా 50 డాలర్లు వేస్తే 10,000కు చేతికందేది 9,650. డబ్బు తీసుకోవడానికి అక్కడి బ్యాంకు ఖాతా, గుర్తింపు పత్రాలు కావాలి. ఐసీయూలో ఉన్న మనిషికి అది కుదరదు కాబట్టి అక్కడున్న నమ్మకమైన బంధువును బెనిఫిషియరీగా (డబ్బు అందుకునే మనిషిగా) పెట్టి, ఆ సంగతి పేజీలోనే రాయండి. ఎవరి ఖాతాలో ఎంత పడింది, దేనికి ఖర్చయింది అన్న కాగితాలు కనీసం మూడేళ్లు దాచండి.

మరొక్క మాట. ప్రమాదం ఎలా జరిగిందో పేజీలో వర్ణించకండి. ‘సిగ్నల్ చూసుకోలేదేమో పాపం’ అని రూమ్మేటు రాసిన వాక్యం రేపు నష్టపరిహారం కేసులో అవతలి లాయరు చేతికి వెళ్తుంది.

ప్రశ్న: ఎనిమిదేళ్ల మా పాపకు ఎస్ఎస్ఐ (వైకల్యం ఉన్న పేదలకు అమెరికా ప్రభుత్వమిచ్చే నెలనెలా భృతి), మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రభుత్వ వైద్య బీమా) వస్తున్నాయి. వీల్‌చెయిర్ ఎక్కే వ్యాన్ కోసం స్నేహితులు చందాలు పోగుచేస్తామంటున్నారు. ఇబ్బందేమైనా ఉంటుందా?

జవాబు: ఉంటుంది. డబ్బు నేరుగా పాప పేరు మీద పడితే ఆ నెలకు అది ఆదాయం, మిగిలింది మరుసటి నెల నుంచి ఆస్తి. పాప ఆస్తి పరిమితి 2,000 డాలర్లు, 1989 నుంచి పెంచనే లేదు. ఎస్ఎస్ఐతోపాటు మెడికెయిడ్ కూడా పోయే ప్రమాదం ఉంది. చందాలు వేసేవాళ్లు పాప ఏబుల్ ఖాతాలో (వైకల్యం ఉన్నవాళ్ల కోసం ఉన్న ప్రత్యేక పొదుపు ఖాతా) జమ చేస్తే 1,00,000 డాలర్ల దాకా ఎస్ఎస్ఐ లెక్కలోకి రాదు, అయితే ఏడాదికి ఇంతేనన్న పరిమితి ఉంటుంది. లేదా లాయరు రాసిన స్పెషల్ నీడ్స్ ట్రస్టులో (పాప అవసరాల కోసం డబ్బును పాప పేరున కాక విడిగా ఉంచే ఏర్పాటు) పోగుచేసి, ట్రస్టే డీలరుకు చెల్లించాలి. ఇంట్లో వాడుకునే ఒక్క వాహనాన్ని ఆస్తిగా లెక్కించరు కాబట్టి వ్యాన్ వచ్చాక ఆ బెంగ ఉండదు. ఏ దారిలో వెళ్లినా మరుసటి నెల 10వ తేదీలోపు సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకు తెలియజేసి రసీదు తీసుకోండి.